షార్ట్ ఫిల్మ్‌కి తుపాకులు కావాలి: బాబాయి డబుల్ బ్యారెలా, కృష్ణానగర్ డమ్మీలా?

కాజీపేట కుర్రాడు:

అందరికీ నమస్తే. మేం కాజీపేట, హన్మకొండ వాళ్ళం, కొందరం కలిసి ఒక షార్ట్ ఫిల్మ్ చేస్తున్నాం. కథ 1990ల నాటిది. మహబూబాబాద్ దగ్గర ఒక పల్లెలో బడిపంతులు ఇంటికి రాత్రిపూట ఇద్దరు అన్నలు, అంటే నక్సలైట్లు, అన్నం అడగడానికి వస్తారు. తెల్లారి పోలీసులు వస్తారు. అంతే కథ. రాత్రి సీన్‌లో రెండు పొడవు తుపాకులు, పొద్దున సీన్‌లో ఎస్సైకి ఒక రివాల్వర్ కావాలి. సినిమా మొత్తంలో తుపాకి పేలేది ఒక్కసారే, అదీ గాల్లోకి.

మా బాబాయి సెక్యూరిటీ గార్డుగా చేస్తాడు. లైసెన్సు ఉన్న డబుల్ బ్యారెల్ ఉంది. తూటాలో రవ్వలు తీసేసి పేలిస్తే శబ్దం, మంట, పొగ అన్నీ నిజంగానే వస్తాయి, ఎవరికీ ఏమీ కాదు అంటున్నాడు. కెమెరా చేసే మా ఫ్రెండ్‌కు ఇది బాగా నచ్చింది. కంప్యూటర్‌లో పెట్టిన మంట తేలిపోతుందని వాడి వాదన. పంతులు భార్య పాత్ర చేస్తున్న అక్క మాత్రం, నిజం తుపాకి ఉంటే నేను షూటింగ్‌కు రానని ముఖం మీదే చెప్పేసింది.

ఇంకో ఐడియా ఏంటంటే మా ఊళ్ళో మక్క చేన్లలో కోతులను బెదిరించే పైపు గన్ ఉంది కదా, కార్బైడ్ వేసి లైటర్‌తో పేలుస్తారే, దాన్ని కెమెరా పక్కన పేల్చి శబ్దం, వెలుగు తీసుకోవడం. కాదంటే హైదరాబాద్‌లో సినిమావాళ్ళుండే కృష్ణానగర్ నుంచి పేలని డమ్మీలు అద్దెకు తేవాలి. ఫోటోల్లో చూస్తే పిల్లల బొమ్మల్లా ఉన్నాయి, డిపాజిట్ మాత్రం గట్టిగా అడుగుతున్నారు. పోలీసులకు చెప్పాలా, వద్దా? ఈ పని తెలిసినవాళ్ళు ఎవరైనా చెప్పండి.

నర్సంపేట పోరడు:

దీపావళి రీలు తుపాకి కొని నల్ల రంగు కొట్టు అన్నా, అయిపాయె. రాత్రి సీనే కదా, ఎవడు చూస్తడు?

మట్టెవాడ ప్రాపర్టీ:

తమ్ముడూ, ముందు ఆ అక్కకు థ్యాంక్స్ చెప్పు. మీ యూనిట్‌లో తెలివిగా మాట్లాడింది ఆమె ఒక్కతే.

నేను ప్రాపర్టీ పనిలో, అంటే సినిమాలకు, నాటకాలకు కావాల్సిన సామాను సమకూర్చే పనిలో ఉన్నవాణ్ణి. మా నాన్నకు వరంగల్‌లో నాటకాల డ్రెస్ కంపెనీ ఉండేది. కిరీటాలు, గదలు, విల్లంబులు, చెక్క తుపాకులు ఊరూరికీ అద్దెకు పోయేవి. తరవాత నేను హైదరాబాద్‌లో ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లలో చాలా ఏళ్ళు చేసి, ఇప్పుడు మట్టెవాడలో చిన్న షెడ్డు నడుపుతున్నాను. తుపాకి కోసం నా దగ్గరికి వచ్చే ప్రతివాడికీ ఒకటే చెబుతాను. ఏదైనా పేల్చగలిగిన వస్తువు సెట్ మీదికి రాకూడదు. పేలినట్టు చూపించడం వేరే పని, అది తరవాత టేబుల్ ముందు కూర్చుని చేసుకోవచ్చు.

మీ బాబాయి మాట ముందు తీసుకుందాం. ఆ లైసెన్సు ఆయన పేరు మీద ఉంది, తుపాకి పేరు మీద కాదు. మీ హీరో చేతికి దాన్ని ఇచ్చిన నిమిషమే ఆయుధాల చట్టం కింద ఇద్దరూ ఇరుక్కుంటారు. ఆయన లైసెన్సు పోతే ఉద్యోగమూ పోతుంది. అది పక్కన పెట్టినా, రవ్వలు తీస్తే తూటా ఖాళీ అయిపోదు. మందు ఉంటుంది, మందు మీద బిరడాలా పెట్టిన వ్యాడ్ ఉంటుంది. పేలినప్పుడు ఆ వ్యాడ్, మండే గ్యాసు కలిసి గొట్టం మూతి నుంచి బయటికి తన్నుకొస్తాయి. దగ్గరున్న మనిషికి అదే గుండు. 1984లో అమెరికాలో జాన్ ఎరిక్ హెక్సమ్ అనే టీవీ నటుడు షాట్‌కీ షాట్‌కీ మధ్య విసుగొచ్చి, బ్లాంక్, అంటే మందే తప్ప గుండు లేని తూటా, ఉన్న రివాల్వర్‌ని సరదాగా కణతకు పెట్టుకుని నొక్కాడు. అందులో సీసం లేదు. ఆ దెబ్బకు పుర్రె ఎముక ముక్క విరిగి మెదడులోకి దిగింది. కొన్ని రోజులకు చనిపోయాడు. వయసు 26.

ఇక మీ కెమెరా ఫ్రెండ్‌కు ఒకటి చెప్పు. 2021 అక్టోబర్ 21న అమెరికాలోని న్యూమెక్సికోలో 'రస్ట్' అనే సినిమా రిహార్సల్‌లో అలెక్ బాల్డ్విన్ చేతిలోని రివాల్వర్ పేలి చనిపోయింది హీరో కాదు, విలన్ కాదు. కెమెరా పని చూసే హలీనా హచిన్స్. తుపాకి ఎప్పుడూ కెమెరా వైపే తిరిగి ఉంటుంది, కెమెరా వెనక ఉండేది మీవాడే. ఆ దెబ్బకే వెనకున్న దర్శకుడు కూడా గాయపడ్డాడు. ఆ రివాల్వర్ పాత కోల్ట్ మోడల్‌కు ఇటలీలో తయారుచేసిన నకలు, కాని నిజం తూటా పెడితే నిజంగానే పేలుతుంది. 'కోల్డ్ గన్' అని, అంటే లోపల పేలేదేమీ లేదని కేకేసి మరీ చేతికిచ్చారు. డమ్మీ తూటాల మధ్యలో ఒక నిజం తూటా ఉంది. డమ్మీ తూటాను చెవి దగ్గర ఊపితే లోపలి చిన్న గోళీ గలగలమనాలి, లేదంటే పక్కన రంధ్రం కనిపించాలి. ఒక్కొక్కటీ ఊపి చూసి ఉంటే ఆ రోజు షూటింగ్ మామూలుగా అయిపోయేది. ఆయుధాల బాధ్యత చూసిన అమ్మాయికి 2024లో 18 నెలల జైలు పడింది. బాల్డ్విన్ మీద కేసును అదే ఏడాది జూలైలో కోర్టు కొట్టేసింది.

అది పెద్ద డబ్బున్న పరిశ్రమ. ఆయుధాలు చూడటానికే ప్రత్యేకంగా జీతమిచ్చి మనిషిని పెట్టుకునే పరిశ్రమ. మన దగ్గర ఆ పని ఎవరు చేస్తారు? కాస్ట్యూమ్స్ చూసే పిల్లవాడే టీ అందించి, తుపాకి కూడా అందిస్తాడు.

బ్రూస్ లీ కొడుకు బ్రాండన్ లీ షూటింగ్‌లో చనిపోయిన సంగతి చాలామంది విన్నదే, కాని ఎలా జరిగిందో చాలామందికి తెలియదు. 1993 మార్చి 31. అంతకు ముందు ఒక క్లోజప్ కోసం రివాల్వర్‌లో తూటాలు కనపడాలని, నిజం తూటాలనే విప్పి, మందు పారబోసి, గుండు మళ్ళీ బిగించి డమ్మీలు చేశారు. అడుగున ఉండే, మందును అంటించే క్యాప్ మాత్రం తీయలేదు. ఎవరో ట్రిగ్గర్ నొక్కారు. ఆ క్యాప్ బలానికి గుండు ఊడి గొట్టంలో సగం దాకా వెళ్ళి ఇరుక్కుంది. ఎవరూ చూసుకోలేదు. తరవాతి సీన్‌కు అదే రివాల్వర్‌లో బ్లాంక్ పెట్టి పేలిస్తే, బ్లాంక్ వెనక నుంచి తోసింది, ఇరుక్కున్న గుండు బయటికొచ్చి అతని కడుపులో దిగింది. ఇందులో పిచ్చివాడు ఎవడూ లేడు. రెండు చిన్న నిర్లక్ష్యాలు వేరే వేరే రోజుల్లో జరిగాయి, గొట్టం ఒకటే కావడంతో కలిశాయి. అందుకే నేను గొట్టంలో ఆ చివరి నుంచి ఈ చివరికి వెలుతురు కనిపించే వస్తువును షెడ్డులోనే పెట్టను.

కోతుల గన్ సంగతి. కార్బైడ్‌లో నీళ్ళు పడితే అసిటిలీన్ గ్యాసు పుడుతుంది, గ్యాస్ వెల్డింగ్‌లో వాడేది అదే. దాన్ని ప్లాస్టిక్ పైపులో మూసి నిప్పురవ్వ ఇస్తున్నారు. పేలలేదేమిటా అని పైపులోకి తొంగి చూసినవాడి కళ్ళు పోతాయి. వేడి గ్యాసుతో పాటు సున్నం లాంటి మడ్డి కూడా కంట్లో పడుతుంది. 2025 దీపావళికి మధ్యప్రదేశ్‌లో ఎంతమంది పిల్లలు ఇలా కళ్ళు పోగొట్టుకున్నారో పేపర్లలో వచ్చింది. చేను కాపాడుకునే రైతు గతిలేక వాడుతున్నాడు. నువ్వు రెండు సెకన్ల శబ్దం కోసం వాడతావా?

నర్సంపేట తమ్ముడి రీలు తుపాకి నవ్వుకోవడానికి బాగుంది. చీకట్లో కూడా మూతి దగ్గర ప్లాస్టిక్ అతుకు గీత లాంతరు వెలుగుకు మెరుస్తుంది. అయినా రీలులో ఉండేదీ మందే, చెవి పక్కన పేలిస్తే రోజంతా గుయ్యిమంటుంది.

ఇప్పుడు ఏం కావాలో చెబుతాను. మీ సీన్‌ని షాట్లుగా రాసుకో. తుపాకి దగ్గరగా కనిపించే షాట్లు ఎన్ని? నా లెక్కలో ఒకటో రెండో ఉంటాయి. వాటికి మాత్రమే మంచి పీస్ కావాలి. మిగతా వాటికి చెక్కది చాలు, ఎవరైనా పడే షాట్, తోసుకునే షాట్ ఉంటే రబ్బరుది. ఒకే తుపాకికి మూడు రూపాలన్న మాట. పెద్ద సినిమాల్లో చేసేదీ ఇదే. రబ్బరుదని మొహం మీద కొట్టకండి, లోపల ఇనుప చువ్వ ఉంటుంది, మూల తగిలితే పన్ను విరుగుతుంది. ఎండలో కారులో వదిలేయకండి కూడా. రామగుండంలో మే నెలలో ఒక షూటింగ్‌కు నా దగ్గర తీసుకున్న రబ్బరు రైఫిల్ మధ్యాహ్నానికి మునక్కాయలా వంగిపోయింది. విలన్ దాన్ని పట్టుకుని డైలాగ్ చెబుతుంటే లైట్‌మన్ కూడా నవ్వాపుకోలేకపోయాడు.

చెక్కతో మీరే చేయించుకోవచ్చు. నిర్మల్ బొమ్మలకు వాడే పొణికి చెక్క చాలా తేలిక, చెక్కడానికి వెన్నలా తెగుతుంది అని అందరూ అదే అడుగుతారు. కిరీటాలకు, విగ్రహాలకు అది సరే, తుపాకికి నాకు నచ్చదు. కింద పడితే అంచు నొక్కుకుపోతుంది. పాత టేకు తలుపు ముక్క దొరికితే అదే పట్టుకో. వెనక భాగానికి రంగు కూడా అక్కర్లేదు, అవిసె నూనె రుద్దితే చాలు. గొట్టానికి ఇనప పైపు పెట్టొద్దు. గుండ్రటి చెక్క కర్రకే మెరుపులేని నల్ల రంగు రెండు కోట్లు కొట్టి, ఆరాక పెన్సిల్ ముల్లు పొడి చేసి బట్టతో రుద్దు. ఉక్కు మెరుపు అదే వస్తుంది. మూతి దగ్గర ఒక అంగుళం లోతు రంధ్రం, లోపల నలుపు. అంతకంటే లోతు వెళ్ళొద్దు.

లేత్ మీద ట్రిగ్గర్ కదిలేలా, గుర్రం, అంటే వెనకుండే సుత్తి, ఎక్కేలా ఇనుముతో చేయిస్తానని ఎవరైనా అంటే దండం పెట్టి వచ్చేయ్. నకలును పేలే తుపాకిగా మార్చడం ఆయుధాల చట్టం ఆరో సెక్షన్ కింద లైసెన్సు లేకుండా చేయకూడని పని. నువ్వు మార్చకపోయినా, మార్చడానికి వీలుగా ఉన్న ఇనుప వస్తువు నీ ఇంట్లో ఎందుకు?

హుజూరాబాద్ హవల్దార్ (రిటైర్డ్):

ప్రాపర్టీ అన్న చెప్పింది బాగుంది. నేను ఫౌజీని, తుపాకి పట్టుకునే తీరు గురించి రెండు మాటలు.

మీ కథ 90లది. దయచేసి ఇద్దరి చేతుల్లో ఏకే-47 పెట్టకండి. ఆ రోజుల్లో పల్లెల్లో తిరిగే దళాల్లో ఎక్కువగా కనిపించింది పాత .303 రైఫిల్, పన్నెండు బోరు వేట తుపాకి, పోలీసుల దగ్గర లాక్కున్న, తనంతట తనే తూటా ఎక్కించుకునే ఎస్ఎల్‌ఆర్. ఇన్సాస్ రైఫిల్ అసలే వద్దు, అది సైన్యం చేతికే 90ల చివర్లో చేరింది. .303 అయితే మీకు ఇంకో లాభం, చాలా భాగం చెక్కే.

అయితే .303కి బోల్టు ఉంటుంది. ఒకసారి పేల్చాక బోల్టు లాగితేనే రెండోది పేలుతుంది. చెక్క డమ్మీకి బోల్టు కదలదు కాబట్టి పేల్చిన వెంటనే షాట్ కట్ చేయండి. ఎన్‌సీసీలో డ్రిల్లుకు డీపీ రైఫిళ్ళు ఉంటాయి, కాల్చడానికి పనికిరాకుండా చేసినవి. తెలిసినవాళ్ళ ద్వారా అవి అడిగి తెస్తామని కొందరు అంటారు. అది సర్కారు సొత్తు, ఆ జోలికి పోకండి.

డమ్మీతో వచ్చే అసలు తంటా బరువు. నిజం .303 నాలుగు కిలోల దాకా ఉంటుంది. ఎస్ఎల్‌ఆర్ అంతకన్నా ఎక్కువ. చెక్క డమ్మీ అందులో సగం కూడా ఉండదు, పిల్లలు దాన్ని ఒంటి చేత్తో గొడుగు తిప్పినట్టు తిప్పుతారు. చూసేవాడికి తుపాకి గురించి తెలియకపోయినా అబద్ధమని తెలిసిపోతుంది. వెనక భాగంలో తొలిచి ఇనుప ముక్క పెట్టించండి. అది కుదరకపోతే నటులను రెండు రోజులు మూడు కిలోల రాయి సంచీ భుజానికి వేసుకుని తిరగమనండి. ఆ భుజం వంగుడు వాళ్ళ ఒంటికి అలవాటవుతుంది.

అన్నం తినే సీన్ గురించి. నెలల తరబడి తుపాకితో తిరిగే మనిషి దాన్ని గోడకు ఆనించి వచ్చి కూర్చోడు. కుడిచేత్తో తింటుంటే తుపాకి ఎడమ తొడ మీద ఉంటుంది, మూతి బయటి వైపు. పంతులు వైపు గాని, ఆయన భార్య వైపు గాని తిప్పడు. అన్నం పెడుతున్న ఇంటివైపు మూతి తిప్పితే అది వేరే కథ అవుతుంది. వేలు ట్రిగ్గర్ మీద వద్దు, పైన చెక్క మీద ఆనించి ఉండాలి. సినిమాల్లో హీరోలందరూ ట్రిగ్గర్ మీదే వేలు పెట్టుకుని పోస్టర్లకు నిలబడతారు, చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

కాజీపేట కుర్రాడు:

అన్నా, సార్, చాలా థ్యాంక్స్. బాబాయి తుపాకి వద్దని ఫిక్స్ అయ్యాం. కోతుల గన్ కూడా క్యాన్సిల్. అక్కకు చెప్పాను, నవ్వింది.

ఇంకా కొన్ని డౌట్లు ఉన్నాయి. గాల్లోకి పేల్చే షాట్‌లో మంట, వెలుగు నిజంలా రావాలంటే ఏం చేయాలి? మా ఫ్రెండ్ ఇంకా గునుస్తూనే ఉన్నాడు. హాలీవుడ్ వాళ్ళు ఇప్పటికీ బ్లాంక్సే వాడుతున్నారు కదా అంటాడు. రివాల్వర్‌కు ఎయిర్‌గన్ పిస్టల్ వాడొచ్చా? పోలీసుల విషయం కూడా ఎవరూ చెప్పలేదు.

జగిత్యాల ఎడిటర్:

మంట, శబ్దం నా పని కాబట్టి నేను చెబుతాను. నేను హైదరాబాద్‌లో ఎడిటింగ్, కొంచెం వీఎఫ్‌ఎక్స్ చేస్తుంటాను.

మీ ఫ్రెండ్‌కు తెలియని విషయం ఒకటుంది. తుపాకి మంట సెకనులో వెయ్యో వంతులలో మెరిసి ఆరిపోతుంది. సినిమా కెమెరా సెకనుకు 24 ఫ్రేములు తీస్తుంది, మామూలు సెట్టింగ్‌లో ఒక్కో ఫ్రేముకు సగం సమయమే షట్టర్ తెరిచి ఉంటుంది. మూసి ఉన్న సగంలో పేలితే మంట అసలు రికార్డే కాదు. అందుకే నిజంగా బ్లాంక్స్ పేల్చిన సినిమాల్లో కూడా చాలా షాట్లకు మంటను తరవాత కంప్యూటర్‌లోనే పెడతారు. 'ది రూకీ' అనే అమెరికన్ పోలీసు సీరియల్ వాళ్ళు 2021 ప్రమాదం తరవాత సెట్ మీద బ్లాంక్స్ పూర్తిగా మానేసి, ప్లాస్టిక్ గోళీలు పేల్చే ఎయిర్‌సాఫ్ట్ గన్‌లు, కంప్యూటర్ మంటలకు మారిపోయారు. డ్వేన్ జాన్సన్ తన కంపెనీ సినిమాల్లో ఇకపై రబ్బరు తుపాకులే అని అదే ఏడాది ప్రకటించాడు. కాబట్టి హాలీవుడ్ పేరు చెప్పి గునవడం ఆపమనండి.

తేలిపోయినట్టు ఎందుకు కనిపిస్తుందంటే, మన వాళ్ళు నెట్‌లో దొరికిన నారింజ మంటను నాలుగైదు ఫ్రేములు ఉంచుతారు. ఒక్క ఫ్రేమే ఉంచండి, మహా అయితే రెండోదానిలో సగం వెలుగు. ఆ తరవాత మంట ఉండదు, పలచని పొగే. పొగ కోసం రాత్రి నల్ల గుడ్డ ముందు సాంబ్రాణి వేసి, పక్క నుంచి లైటు పెట్టి షూట్ చేసుకోండి. ఆ క్లిప్పును పైన వేస్తే బ్రహ్మాండంగా కలుస్తుంది.

మంట కన్నా ముఖ్యం ఆ వెలుగు మనుషుల మీద పడటం. గోడ మీద, పంతులు మొహం మీద ఆ ఒక్క మెరుపు పడకపోతే ఎంత మంచి మంట పెట్టినా అతికించినట్టే ఉంటుంది. దీనికి చిన్న ఎల్‌ఈడీ ప్యానెల్ తెచ్చి తుపాకి మూతి ఉండే వైపు నుంచి టక్కున వేసి ఆర్పండి. ఫోటోలు తీసే ఫ్లాష్ వాడకండి, వీడియోలో ఫ్రేము పై సగం తెల్లగా, కింది సగం చీకటిగా వచ్చే ప్రమాదముంది.

మంట ఎక్కడ పెట్టాలో నాకు తెలియాలంటే నటుడు సరైన క్షణంలో కదలాలి. రెండు చెక్కపలకలు చరచమనండి, ఆ చప్పుడుకు అందరూ ఒకేసారి ఉలిక్కిపడతారు. నటుడు నోటితో 'ఢాం' అనకుండా చూసుకోండి. నవ్వకండి, పెదాలు కదిలిన షాట్లు ఎన్నో వచ్చాయి నా టేబుల్ మీదికి.

శబ్దానికి తుపాకి మోత ఒక్కటే వేసి వదిలేయకండి. పల్లెలో రాత్రి తుపాకి పేలితే కీచురాళ్ళు ఒక్కసారిగా ఆగుతాయి, కాసేపటికి కుక్కలు మొదలుపెడతాయి, ఒకదాని తరవాత ఒకటి ఊరవతలి దాకా. ఆ వరుస మీరు లొకేషన్‌లోనే విడిగా రికార్డు చేసి తెస్తే మీ సీన్ సగం గెలిచినట్టే.

మట్టెవాడ ప్రాపర్టీ:

ఎడిటర్ చెల్లె చెప్పింది అక్షరాలా నిజం. కుక్కల సంగతి నాకు తట్టలేదు.

ఎయిర్‌గన్ వద్దు. చిన్నవాటికి లైసెన్సు అక్కర్లేదని బొమ్మ కింద లెక్కేస్తారు, కాని అందులోంచి వచ్చేది సీసం గుండే. లోపల ఒకటి మిగిలిపోయి ఉంటే కన్ను పోతుంది.

పోలీసుల దగ్గరికి తప్పకుండా వెళ్ళండి. మీరు ఎక్కడ తీస్తున్నారో ఆ స్టేషన్‌లో తెల్లకాగితం మీద దరఖాస్తు ఇవ్వండి. తేదీలు, వేళలు, చోటు, ఎవరి ఫోన్ నంబరు, ఎన్ని డమ్మీలు, అవి చెక్కవా రబ్బరువా, అన్నిటి ఫోటోలు జత చేయండి. అందినట్టు ముద్ర వేయించుకున్న కాపీ సెట్ మీద ఉండాలి. వీలైతే డమ్మీలను స్టేషన్‌కే పట్టుకెళ్ళి చూపించండి, పెట్టెలో పెట్టి, చేతిలో ఊపుకుంటూ కాదు. పాకాల, ఏటూరునాగారం వైపు అడవిలో తీస్తే అటవీశాఖ అనుమతి వేరే. పోలీసు డ్రెస్సులు కూడా ఉన్నాయి కదా, వాటి గురించి కూడా ఆ కాగితంలో రాయండి. ఎస్సై వేషగాడు టీ తాగడానికి సెంటర్‌కు అదే డ్రెస్సులో వెళ్ళకూడదు. హైదరాబాద్‌లో అయితే ఎవరూ పట్టించుకోరు, ఇక్కడ గుమిగూడతారు.

అమెరికాలో బొమ్మ తుపాకుల మూతికి నారింజ రంగు ఉండాలని చట్టమే ఉంది, సినిమాలకు మినహాయింపు ఇస్తారు. నేను అద్దెకిచ్చేవాటికి మూతి దగ్గర నారింజ టేపు చుట్టి ఇస్తాను. కెమెరా రోల్ అయ్యే ముందు ఊడదీయండి, కట్ చెప్పగానే మళ్ళీ చుట్టండి. విసుగ్గా ఉంటుంది, తెలుసు. దూరం నుంచి చూసిన కానిస్టేబుల్‌కు గాని, ఊరివాళ్ళకు గాని ఆ టేపే మొదట కనిపించాలి.

ఊరి గురించి గట్టిగా చెబుతున్నాను. మీరు పుట్టకముందు ఆ ఊళ్ళల్లో రాత్రిపూట తుపాకి పట్టుకుని ఇంటికొచ్చినవాళ్ళు ఉన్నారు, తెల్లారి వాళ్ళెందుకొచ్చారని అడుగుతూ వచ్చినవాళ్ళూ ఉన్నారు. మీకు అది కథ. అరవై దాటినవాళ్ళకు కాదు. ముందు రోజు సాయంత్రం సర్పంచ్‌తో మాట్లాడి డప్పుతో చాటింపు వేయించండి, రేపు రాత్రి సినిమా తీస్తారు, తుపాకులు చెక్కవి అని. ఏ వాడలో తీస్తున్నారో అక్కడి ముసలివాళ్ళ చేతికి డమ్మీ ఇచ్చి పట్టుకుని చూడమనండి. ఒకసారి చేత్తో పట్టుకుంటే భయం పోతుంది. పైగా అది తప్పుగా ఉంటే వాళ్ళే చెబుతారు, నిజమైనవి దగ్గరగా చూసినవాళ్ళు కదా. నేను చేసిన ఎస్ఎల్‌ఆర్‌కు పట్టీ కొక్కెం పక్కకు ఉండాలని నాకు చెప్పింది భూపాలపల్లి దగ్గర ఒక పెద్దమనిషి. ఆయన పేరు అడగలేదు, ఎలా తెలుసనీ అడగలేదు.

సెట్ మీద తుపాకులకు ఒక్కడే బాధ్యుడు ఉండాలి, అతనికి వేరే పని చెప్పొద్దు. షాట్‌కు ముందు అతనే ఇస్తాడు, కట్ అనగానే అతనే తీసుకుంటాడు. చెక్కదే కదా అని ఒకరి మీదికి ఒకరు గురిపెట్టుకుని సెల్ఫీలు దిగడం మొదలవుతుంది, అది మొదటి రోజే ఆపు. ఈ సినిమాలో చెక్కది పట్టినవాడు రేపు పెద్ద సినిమాలో బ్లాంక్ గన్ పట్టుకుంటాడు, అదే చెయ్యి, అదే అలవాటు. ఆ ఫోటోలు స్టేటస్‌లో పెట్టుకోవడం కూడా వద్దు. బొమ్మదని నమ్మించేలోపు ఒక పూట స్టేషన్ బెంచీ మీదే గడిచిపోతుంది.

కాజీపేట కుర్రాడు:

అన్నా, అర్థమైంది. .303లు రెండూ మీ దగ్గరే తీసుకుంటాం. మాకు కారు లేదు, మహబూబాబాద్ దాకా ఆర్టీసీ బస్సులోనే తేవాలి. ఇబ్బందేమైనా ఉంటుందా? ఇంకోటి, రివాల్వర్‌కు బడ్జెట్ సరిపోవట్లేదు, దానికి తక్కువలో ఏదైనా దారి చెప్పండి.

మట్టెవాడ ప్రాపర్టీ:

గోనె సంచిలో చుట్టి తేవొద్దు, దానికన్నా అనుమానంగా కనిపించేది ఇంకోటి లేదు. నా దగ్గర రేకు పెట్టె ఉంది, తాళం వేసి ఇస్తాను, మీద 'సినిమా ప్రాపర్టీ, చెక్క డమ్మీలు' అని రాసి ఉంటుంది. దరఖాస్తు కాపీ ఒకటి పెట్టె మూతకు లోపలివైపు అంటించు. ఎక్కేటప్పుడే కండక్టర్‌కు చెప్పి, కావాలంటే తెరిచి చూపించు.

రివాల్వర్ నీకు అసలు అక్కర్లేదు. స్క్రిప్టులో ఎస్సై దాన్ని బయటికి తీస్తాడా? నువ్వు చెప్పినదాన్ని బట్టి అడుగుతాడు, రాసుకుంటాడు, వెళ్ళిపోతాడు. ఆ రోజుల్లో పోలీసుల తోలు హోల్‌స్టర్‌కు పైన మూత ఉండేది. బెల్టుకు అది తగిలించి, లోపల పాత గుడ్డలు కుక్కి, మూత కింద పిడి ముక్క ఒకటి చెక్కతో చేసి కనిపించేలా పెట్టి, దానికి తాడు కట్టి భుజానికి వేయించు. హోల్‌స్టర్, పిడి నా దగ్గర ఉన్నాయి, వాటికి అద్దె తీసుకోను. తాడు మాత్రం నువ్వే కొనుక్కో, నా దగ్గరున్నది ఎలుకలు కొట్టేశాయి.